నీళ్లు లేక అని రాసిన మనిషి

మా పక్క చేనువాళ్లు ఈ ఏడాది పాడి గేదెల కోసం లూసర్న్ గడ్డి వేశారు. పొద్దున్నే దాన్ని మిషన్‌లో పెట్టి ముక్కలు కొడుతుంటే ఆ పచ్చి వాసన గాలికి మా ఇంటిదాకా వస్తుంది. ఖానాపూర్ దిక్కు ఆ గడ్డి కొత్త. నాకు కొత్త కాదు. సౌదీలో దాన్ని బర్సీమ్ అంటారు. ఆరేళ్లపాటు ఆ మోపులు భుజాన మోశాను. వాసన తగలగానే నేను తినడం ఆపేసి కూర్చుంటే మా ఆవిడ నా మొఖం చూసి, "మళ్ల ఆ సారు యాదికొచ్చిండా?" అంటుంది. ఆమె ఆయన్ని చూడలేదు. మా ఊళ్లో ఎవరూ చూడలేదు. చూసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి, రాయవలసినవాణ్ని కూడా నేనే.

ఆయన పేరు మహబూబ్ బాషా. ప్రొద్దుటూరు మనిషి. జంతుశాస్త్రంలో డిగ్రీ చదివి, కొన్నాళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, సౌదీకి వచ్చాడు. నేను వెళ్లేసరికే ఆయన అక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవాడు. హుఫూఫ్ నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే ఇసుక దిబ్బల నడుమ ఒక పెద్ద కంచె ఉండేది. ఒక సంపన్నుడు తన సొంత భూమిలో అరుదైన జంతువులను పెంచడానికి వేయించిన కంచె అది. దాని పని చూసేది ఒక కాంట్రాక్టు కంపెనీ. బాషా సార్ ఆ కంపెనీలో సూపర్‌వైజరు. నేను భవన నిర్మాణం పనికని వీసా మీద వెళ్లాను. దిగిన మూడో రోజే నన్ను ఆ ఎడారిలో వదిలి, కంచె స్తంభాలకు గుంతలు తవ్వమన్నారు.

కంచె లోపల ఉన్నవి తెల్లటి జంతువులు. మన దుప్పి అంత ఉంటాయి, కాళ్లు మాత్రం నల్లగా, కొమ్ములు బల్లెంలా నిటారుగా ఉంటాయి. అరబ్బులు వాటిని వుదైహీ అంటారు. మొదటిసారి చూసినప్పుడు ఇవి ఎక్కడివని అడిగాను. బాషా సార్ నవ్వాడు. "వీటి అవ్వాతాతలు అమెరికాలో పుట్టినారప్పా. మన మాదిరే ఇవీ విమానం దిగొచ్చినాయి." నేను నమ్మలేదు. అది వేళాకోళం కాదని తర్వాత తెలిసింది. కార్లూ తుపాకులూ వచ్చాక ఈ ఎడారిలో వుదైహీలను వెంటాడి వెంటాడి చంపారట. పూర్తిగా అంతరించేలోపు కొన్నింటిని పట్టి అమెరికాలో ఒక ఎండ ప్రాంతపు జంతుశాలకు పంపారు. అక్కడ పిల్లలు పెట్టాయి. ఆ పిల్లల పిల్లలే ఇసుకలోకి తిరిగొచ్చాయి.

రోజూ పొద్దున జంతువులను లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాయడం ఒక పని. నేను ఇంటర్ దాకా చదివానని తెలిసి ఆ పని నాకు అప్పగించాడు. నెల తిరగకముందే నాకు బద్ధకం వచ్చింది. ఎండలో కంచె చుట్టూ తిరగడమెందుకని గదిలోనే కూర్చుని నిన్నటి అంకె ఇవాళ కూడా వేశాను. ఆయన రిజిస్టర్ చూసి మూసేశాడు. చెప్పులు వేసుకుని, "పా" అన్నాడు. ఇద్దరం కంచె పొడవునా నడిచాం. నా నాలుక పిడచగట్టింది. నేను రాసింది అరవై నాలుగు, కనపడినవి అరవై ఒకటి. ఒకటి కంచె మూల చచ్చి పడి ఉంది. మిగతా రెండూ దొరకలేదు.

"ఇప్పుడు రాయి," అన్నాడు. "అరవై ఒకటి కనపడినాయి. ఒకటి సచ్చింది. రెండు కనపడలేదు. కనపడకుంటే కనపడలేదనే రాయల్ల. నువ్వు నిన్న రాసిన అరవై నాలుగులో ఆ సచ్చింది గూడా బతికే ఉండాది సూడు, అదే తప్పు."

ఆ సాయంత్రం ఆయన గదిలో మొదటిసారి ఆ పుస్తకం చూశాను. మునుపు అక్కడ పనిచేసి వెళ్లిపోయిన ఒక అమెరికా డాక్టరు వదిలేసి పోయిన లావుపాటి పుస్తకం, ఆ దేశంలో అడవులనూ జంతువులనూ ఎలా పోగొట్టుకున్నారో, ఎలా కాపాడుకున్నారో చెప్పేది. బాషా సార్ ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. ఫొటోలో ఒక గుట్ట. గుట్ట మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పరీక్షగా చూస్తే అది గుట్ట కాదు, పుర్రెలు. అడవి దున్నల పుర్రెలు, వేలకు వేలు. తోళ్ల కోసం చంపి, మాంసాన్ని మైదానంలో వదిలేసి, ఎండిన ఎముకలను ఎరువు చేయడానికి రైళ్లకెక్కించారట. "అన్నీ పోయినాక ఒగాయన కూర్చుని ఊరూరికీ జాబులు రాసినాడప్పా. మీ దగ్గర ఎన్ని మిగిలినాయి, మీ దగ్గర ఎన్ని మిగిలినాయి అని. ఆ లెక్క సూసినాకనే ఆ దేశానికి సిగ్గు వచ్చింది. చట్టాలు ఎనకొచ్చినాయి. ముందు లెక్క వచ్చింది."

అప్పటినుంచి శుక్రవారం సెలవు రోజున, ఆయన నమాజు చదువుకుని వచ్చాక, మేం పనివాళ్లం ఆ గది ముందు నీడలో కూర్చునేవాళ్లం. మొత్తం పదకొండు మందిమి. నేనూ, జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన పోశెట్టీ తెలుగువాళ్లం, మిగతా అందరూ బంగ్లాదేశ్‌వాళ్లూ పాకిస్తానీలూ. ఆయన ఒక మాట ఉర్దూలో, ఒక మాట తెలుగులో చెప్పేవాడు. ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా ఎగిరే పావురాలను వలలేసి పట్టి, పీపాల్లో కుక్కి పట్నాలకు పంపిన కథ చెప్పాడు. చివరికి ఒకే ఒక్క ఆడ పావురం జంతుశాల బోనులో మిగిలి, ఒంటరిగా ముసలిదై చచ్చిపోయిందట. పోశెట్టికి అప్పటికే యాభై దాటాయి. ఇల్లు చూడక నాలుగేళ్లయింది. "గా ఒక్కదానికి ఎరుకేనా సార్, తనే ఆఖరిదని?" అని అడిగాడు.

"దానికేం తెలుసప్పా. సూసేవాళ్లకు తెలుసు," అన్నాడు బాషా సార్.

ఇంకో శుక్రవారం పెద్ద పెద్ద అడవులను పార్కులుగా ప్రకటించి కాపాడిన సంగతి చెబుతుంటే నేను అడ్డం వచ్చాను. మా దిక్కు పులుల కోసమని అడవిలోని గూడేలను లేపడం నేను చూశాను. "ఆ అడవిల ఉన్న జనాన్ని ఏం జేసిండ్రు సార్?" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఎళ్లగొట్టినారు. ఈ పుస్తకంలో దాని గురించి రెండే మాటలుండాయి. అది గూడా నిండా రాయాల్సిన కతే." తర్వాత కంచె అవతలికి చూపించాడు. అక్కడ అబూ సాలిం అనే బదూ ముసలాయన, అంటే ఎడారిలో మంద తోలుకుని తిరిగే జాతి మనిషి, మేకల మంద కనపడుతోంది. మా కంచె వేసిన నేల ఒకప్పుడు వాళ్ల మేత దారి. ఆయన రోజూ మంద తోలుకుని కంచె చుట్టూ తిరిగి వెళ్లేవాడు. మమ్మల్ని పలకరించేవాడు కాదు. మరుసటి రోజు బాషా సార్ ఒక బర్సీమ్ మోపు పట్టుకుపోయి ఆ ముసలాయన ముందు దింపి, ఆయన పక్కన ఇసుకలో కూర్చోవడం చూశాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అప్పటినుంచి అబూ సాలిం దూరం నుంచి చెయ్యెత్తి సలాం చెప్పేవాడు.

నితాఖాత్ అనే మాట మొదట్లో మాకు పట్నంవాళ్ల గొడవగానే అనిపించింది. సౌదీవాళ్లను తగినంత మందిని పనిలో పెట్టుకోని కంపెనీలను రెడ్‌లో వేస్తారు, రెడ్‌లో పడితే పనివాళ్ల ఇఖామాలు, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డులు, రెన్యువల్ కావు, అంతవరకే తెలుసు. మా కంపెనీ రెడ్‌లో పడింది. ఆ పైన ప్రతి విదేశీ పనివాడి తలకూ లెవీ పెంచారు, వెంట ఉన్న పెళ్లాం పిల్లలకూ నెలనెలా రుసుము పెట్టారు. బాషా సార్ భార్యా, ఇద్దరు కూతుళ్లూ హుఫూఫ్‌లో ఉండేవారు. పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. వాళ్లను దమ్మాం విమానాశ్రయంలో ఎక్కించి వచ్చిన రోజు ఆయన నేరుగా కంచె దగ్గరికి నడిచాడు. లెక్క రాసే పని నాదే అయినా, ఆ రోజు ఆయనే కంచె చుట్టూ రెండుసార్లు తిరిగి రాశాడు.

తర్వాత ప్రభుత్వం గడువు ఇచ్చింది. కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోవచ్చని. బంగ్లావాళ్లూ పాకిస్తానీలూ ఒక్కొక్కరే వెళ్లారు. చివరికి పోశెట్టి కూడా మూట సర్దుకున్నాడు. "నువ్వు గూడ రారా రాజన్న. గీ జంతువులకు మనం ఏమైతం?" అన్నాడు. నేను కంపెనీ పంపిస్తానన్న ఖురూజ్ కాగితం కోసం, అంటే చివరిసారిగా దేశం విడిచిపోయే అనుమతి కోసం, చూస్తూ ఆగిపోయాను. ఆ గడువూ దాటిపోయింది. కంచె లోపల ఇద్దరమే మిగిలాం.

ఆ ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోయింది. అంతకు పది రోజుల ముందే బర్సీమ్ లారీ రావడం ఆగిపోయింది. బాషా సార్ రోజూ కంపెనీ మందూబ్‌కు, అంటే ప్రభుత్వ ఆఫీసుల్లో కాగితాలు నడిపే మనిషికి, ఫోన్ చేసేవాడు. ఆ మందూబ్‌కు ఉర్దూ వచ్చు. "కల్, కల్," అనేవాడు. రేపు, రేపు. ఆ రేపు రాలేదు. మా ఇద్దరిలో ఎవరైనా బయటికి పోదామంటే ఇఖామా చెల్లదు, దారిలో చెక్‌పోస్టు ఉంది.

దాహమేసిన వుదైహీలు ఏం చేస్తాయో నేను అంతకుముందు చూడలేదు. వానపడిన చోటును అవి చాలా దూరం నుంచే పసిగడతాయట. పూర్వం ఆ దిక్కుకు రోజుల తరబడి నడిచి వెళ్లేవట. ఇప్పుడు కంచె ఉంది. అవి కంచెను ఆనుకుని ఒకదాని వెనక ఒకటి నడవడం మొదలుపెట్టాయి. పొద్దంతా నడక. మూలకు రాగానే తిరిగి మళ్లీ అదే దారి. వాటి గిట్టల కింద ఇసుకలో కాలువలా దారి పడింది. మూడో రోజుకు పడిపోవడం మొదలైంది. పడినవి లేవడానికి ముందుకాళ్లు పెట్టి చూసేవి, మళ్లీ ఒరిగిపోయేవి. కొమ్ములు కంచెలో చిక్కుకున్నవాటిని మేమిద్దరం విడిపించేవాళ్లం. విడిపించిన చోటే అవి చచ్చిపోయేవి.

"కంచె కోసేద్దాం సార్," అన్నాను. నా చేతిలో కటింగ్ ప్లయర్ ఉంది. "కండ్ల ముంగట గిట్ల సచ్చిపోతుంటే ఎట్ల సూస్తం?"

"కోస్తే యాడికి పోతాయప్పా? బయట గూడా ఒక చుక్క నీళ్లు ల్యా. జీపుల్లో తిరిగే తుపాకులోళ్లు మాత్రం ఉండారు." అంటూనే ఆయన నడవడం మొదలుపెట్టాడు. ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇసుకలో, అబూ సాలిం డేరా వైపు. వెళ్లి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. తిరిగి వచ్చింది నడుచుకుంటూ కాదు. నీళ్ల ట్యాంకరు లారీలో, అబూ సాలిం పక్కన కూర్చుని వచ్చాడు. తన మేకల కోసం తెచ్చుకునే నీళ్లవి. ఏ కంచె తన దారిని మూసిందో ఆ కంచె గేటు తీయించుకుని, ఆ ముసలాయన తన చేత్తోనే పైపు పట్టుకుని తొట్టి నింపాడు. ఆ తర్వాత రోజూ ఒకసారి వచ్చేవాడు. అన్నింటికీ ఆ నీళ్లు చాలవు. బలమున్నవి తోసుకుని తాగేవి. బలం లేనివాటి దగ్గరికి బాషా సార్ బకెట్ పట్టుకుపోయి, మోకాళ్ల మీద కూర్చుని, మూతి తడిపేవాడు. నేను ఆయన వెంట నడుస్తూ చచ్చినవాటిని రాసేవాణ్ని.

తొమ్మిది రోజులకు ఇరవై మూడు చచ్చాయి. చివరి రోజు ఆయన రిజిస్టర్ నా దగ్గర తీసుకుని, చావుకు కారణం అన్న గడిలో ప్రతిదానికీ ఎదురుగా తన చేత్తో రాశాడు. ఇంగ్లీషులో ఒకసారి, అరబ్బీలో ఒకసారి. గడ్డి, నీళ్లు లేక. ఇరవై మూడుసార్లు రాసి కింద సంతకం పెట్టాడు. అరబ్బీ రాసేటప్పుడు ఆయన చెయ్యి చాలా నిదానంగా కదిలేది. బకెట్లు మోసి అరచేతులు పొక్కిపోయి ఉన్నాయి.

మందూబ్ అప్పుడు వచ్చాడు. ఇన్నాళ్లూ రేపు రేపు అన్న మనిషి, జంతువులు చచ్చిన సంగతి యజమాని ఇంటివాళ్లకు చేరిందని తెలిశాక ఆగమేఘాల మీద వచ్చాడు. రిజిస్టర్ చూసి మొహం మాడ్చుకున్నాడు. రోగం వచ్చి చచ్చాయని రాయమన్నాడు. అలా రాస్తే కాంట్రాక్టు నిలుస్తుంది, మన అందరి కాగితాలూ ఒక దారికొస్తాయని నచ్చజెప్పాడు.

బాషా సార్ గొంతు పెంచలేదు. "మైఁనే జో దేఖా, వహీ లిఖా," అన్నాడు. చూసిందే రాశాను. అంతే. మందూబ్ ఆ రిజిస్టర్‌ను చంకలో పెట్టుకుని, నన్ను కారెక్కమన్నాడు.

హుఫూఫ్ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. నా ముందు ఒక అరబ్బీ కాగితం పెట్టాడు. దాని పక్కనే నా ఖురూజ్ కాగితం పెట్టాడు, దూరంగా, చెయ్యి చాపితే అందనంత దూరంలో. అరబ్బీ కాగితంలో ఏముందో నాకు ఉర్దూలో విడమరచి చెప్పాడు. జంతువులు రోగంతో చచ్చాయి. గడ్డీ నీళ్లూ రోజూ అందాయి. సూపర్‌వైజర్ మహబూబ్ బాషా నెల రోజుల కిందటే పని వదిలేసి పారిపోయాడు. దీన్నే అక్కడ హురూబ్ అంటారు. ఆ ముద్ర పడ్డ మనిషి కనపడితే పోలీసులు పట్టుకుపోతారు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ప్రతి మాటా అర్థమయింది. మధ్యలో ఒక్కసారి సెలవుకు ఇంటికి వచ్చి పోయాక మా పాప పుట్టి నాలుగేళ్లయింది, నేను దాన్ని ఎత్తుకోలేదు. నా ఇఖామా గడువు తీరి ఏడు నెలలయింది. నాకు జైలంటే భయం. ఇవన్నీ నిజాలే. ఇవన్నీ నిజాలైనా సరే, సంతకం పెట్టిన చెయ్యి నాదే.

బట్టలు తెచ్చుకోవడానికి కంచె దగ్గరికి తీసుకుపోయారు. బాషా సార్ తొట్టి దగ్గర అబూ సాలింతో కలిసి పైపు పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు. "కాగితం వచ్చిందా?" అన్నాడు. తలూపాను. "మంచిదయింది. పొయ్యిరాప్పా. పాపను అడిగినానని చెప్పు," అని నా భుజం మీద చెయ్యేశాడు. ఆయన చెయ్యి తడిగా ఉంది. నేను నోరు విప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఆ సాయంత్రమే అక్కడినుంచి ఎటైనా తప్పుకునేవాడేమో. తప్పుకునేవాడు కాదేమో, తొట్టిలో నీళ్లు నిండలేదు కాబట్టి. కానీ ఆ అవకాశమైనా ఇవ్వకుండా కారెక్కి కూర్చున్నాను.

నేను వెళ్లిపోయిన మూడో రోజు పోలీసులు ఆయన్ని తీసుకుపోయారని తర్వాత విన్నాను. దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే జైల్లో రెండు నెలలు ఉంచి, వేలిముద్రలు తీసుకుని, మళ్లీ ఎప్పటికీ రాకూడదని రాసి పంపించారు. ఇరవై ఆరేళ్ల చాకిరీకి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో కడపలో రైలు దిగాడట.

రెండేళ్లు నేను ధైర్యం చేయలేకపోయాను. తర్వాత ఒకనాడు ప్రొద్దుటూరు వెళ్లాను. ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. జైల్లో ఉన్నప్పుడు మందులు అందక చక్కెర జబ్బు ముదిరి ఒక పాదం తీసేశారు. నన్ను చూడగానే మొహం విప్పారింది. లోపలికి కేకేసి టీ పెట్టమన్నాడు. లోపలినుంచి ఆయన భార్య పలకలేదు. బయటికి రాలేదు. చాలాసేపటికి పెద్దమ్మాయి వచ్చి గ్లాసు నా ముందు పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. అప్పుడే నాకు అర్థమయి ఉండవలసింది.

"సార్, నేను ఒక సంతకం పెట్టిన," అన్నాను. ఎన్నిసార్లో మనసులో చెప్పుకున్న మాటే అది.

"తెలుసప్పా. నాకు సూపించినారు. నీ రాత నాకు తెలీదా, లెక్క రాసేది నేర్పించింది నేనే గదా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. క్షమ కూడా లేదు. లెక్క రాసేటప్పటి గొంతే అది. "మిగిలినవాటిని లారీల్లో యాడికో తీసకపోయినారంట. అబూ సాలిం ఫోన్ చేసినాడు. యాడికో ఆయప్పకూ తెలీదు. రిజిస్టర్ గూడా ఏమైందో తెలీదు," అన్నాడు. అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు. నేను లేచి నిలబడితే, నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లెక్క బాగా రాస్తాండివప్పా," అన్నాడు. ఆ ఏడాది చివర్లో ఆయన పోయాడని పెద్దమ్మాయి ఒక్క వాక్యం మెసేజ్ పెట్టింది.

నేనిప్పుడు మా దగ్గరి అడవిలో వాచర్‌గా పనిచేస్తున్నాను. ఏ జంతువు చచ్చినా చుట్టూ తిరిగి చూసి రాస్తాను, తెలియకపోతే తెలియదని రాస్తాను. అందుకు కొందరికి నా మీద కోపం. అది నా గొప్ప అని ఎవరైనా అంటే ఒప్పుకోను, ఎందుకంటే అన్నిటికన్నా ముందు రాయవలసిన చోట నేను వేరే రాతకు సంతకం పెట్టాను. ఆ అరబ్బీ కాగితం ఏదో ఆఫీసు బీరువాలో ఇంకా ఉండే ఉంటుంది, కింద నా పేరుతో. దాన్ని నేను చింపలేను. ఇది మాత్రం రాయగలను. ఆ తొమ్మిది రోజుల్లో ఇరవై మూడు వుదైహీలు గడ్డీ నీళ్లూ లేక చచ్చాయి. వాటికి ఏ రోగమూ లేదు. సూపర్‌వైజర్ మహబూబ్ బాషా ఒక్క రోజు కూడా పని వదిలి పోలేదు. నేను పక్కనే ఉండి చూశాను.